పైకప్పు మీద పచ్చదనం కావాలా, చెల్లీ?

అనంతపురంలో ఇల్లు కట్టుకుని, పెరట్లో కుట్టుమిషన్లకని వేరే గది వేసుకుంటున్నావంటే ఎంత సంతోషంగా ఉందో! రేకులకు బదులు మొక్కలు పెంచే కప్పు వేయాలన్న నీ ఆలోచన ఇంకా నచ్చింది. మే నెల మధ్యాహ్నం రేకుల కింద కూర్చుని ఎవరు కుట్టగలరమ్మా? వానొస్తే ఆ చప్పుడుకు పక్కవాళ్ల మాటే వినబడదు. పైన మట్టి, మొక్కలు ఉంటే రెండు బాధలూ తగ్గుతాయి.

అయితే గోడలు లేవకముందే బరువు సంగతి తేల్చుకో. 10 అడుగులకు 12 అడుగుల గది మీద 4 అంగుళాల మందాన తోటమట్టి పోశావనుకో, వానకు నానాక దాదాపు 2 టన్నులు తూగుతుంది. రేకుల కోసం వేసే సన్నటి ఇనుప గొట్టాలు అంత మోయవు. స్లాబే వేయించు. పైన తడిమట్టి ఉంటుందని ఇంజనీరుకు ముందే చెప్పు. మట్టిలో ఇటుక ముక్కలు, కొబ్బరి పొట్టు, కాస్త వర్మికంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది.

మన సీమలో మట్టిమిద్దెలు ఉండేవే కదా, ఇందులో కొత్తేముంది అంటావేమో. ఆ మిద్దె మీద చవుడు పరిచేది నీళ్లు లోపలికి ఇంకకుండా పోవాలని. నీ కప్పుకు కావలసింది అది కాదు. మట్టి నీళ్లు పట్టుకోవాలి, మిగిలినవి అడుగుకు దిగి గొట్టంలోంచి పోవాలి. అందుకని చవుడు జోలికి పోకు. స్లాబుకు కొంచెం వాలు ఉంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించు. దాని మీద వేర్లను ఆపే మందపాటి షీటు, నీళ్లు పారే పొర, మట్టి జారకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ తర్వాతే మట్టి. మట్టి పోసేముందు గొట్టాలు మూసి 2 రోజులు నీళ్లు నిలబెట్టి చూడు. ఈ ఒక్క పని మాత్రం మేస్త్రీ ఎంత తొందరపెట్టినా మానొద్దు. తర్వాత కారితే ఎక్కడ కారుతోందో తెలియక పైనదంతా తవ్విపోయాల్సి వస్తుంది.

ఇక మొక్కలు. యూరప్ వీడియోల్లో కనిపించే సెడమ్ చూసి ముచ్చటపడకు, అది చల్లటి దేశాల మొక్క. మీ ఊళ్లో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన. మే ఎండను తట్టుకునేదే నీ మొక్క. కలబంద, టేబుల్ రోజా పెట్టు. గంగపాయల కూర విత్తనాలు చల్లు, పప్పులోకీ పనికొస్తుంది. అయినా మొదటి వేసవి నీళ్లు పోయక తప్పదు.

పిట్టలు వేసే రావి, మర్రి విత్తనాలు మొలిస్తే వేలెడంత ఉండగానే పీకెయ్. వాటి వేర్లు స్లాబునే చీలుస్తాయి. అందుకు పైకెక్కే నిచ్చెన ఇప్పుడే పెట్టించుకో. టేబుల్ రోజా మాత్రం కొనకమ్మా, తొలకరి పడగానే నేనే కొమ్మలు తుంచి పంపిస్తాను.