పిలుపు రాని పిల్లవాడు

వాక్యభాగము: ఫిలిప్పీ 4:10-13, 1 తిమోతి 4:7, 8



పదవ తరగతి ఫలితములు వచ్చు దినములలో మన గార్లదిన్నె ప్రాంతపు ఇండ్లలో ఒక విధమైన మౌనముండును. ఒకనికి మంచి కాలేజిలో సీటు దొరకును, మరియొకనికి దొరకదు. దొరకనివానిని గూర్చి "వీని చదువు ఇంతే" అని పెద్దలు లెక్క మూసివేయుదురు. ఆ పిల్లవానికి ఆటలమీద మనసున్నయెడల ఇక చెప్పనక్కరలేదు. శరీర సాధకమువలన కలుగు ప్రయోజనము కొంచెమేనని పౌలు వ్రాసెను గదా అని తిమోతి పత్రికను ముందుంచుదురు. ఆ వచనమును నిదానముగా చదువుడి. పౌలు కొంచెమనెను గాని, బొత్తిగా లేదనలేదు. భక్తి విషయమై యౌవనస్థునికి బోధించుటకు ఆయన ఆటగాండ్ర మాటనే ఎత్తుకొనెను. కొరింథు దాపున రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. ఆ ఊరివారికి వ్రాసినప్పుడును పరుగును, కిరీటమును ఆయన మరువలేదు.

ఈ మాసము ఒక ఆటగాని హైస్కూలు, కాలేజి దినములను చూతము. ఆట బాస్కెట్‌బాల్. మన పల్లెలలో కబడ్డీ, క్రికెట్ తెలిసినంతగా ఇది తెలియదు గనుక రెండు మాటలు చెప్పవలెను. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ పండ్లబుట్టలు రెండు ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి దీనిని ప్రారంభించెను. ఆయన వేదాంత కళాశాలలో చదివినవాడు. జట్టుకు ఐదుగురు. పది అడుగుల ఎత్తున నున్న వలయములో బంతి వేయవలెను గనుక పొడగరులకే అనువైన ఆట. ఆ ఐదుగురిలో గార్డు సాధారణముగా పొట్టివాడు. బంతిని నేలకు కొట్టుచు ముందుకు తెచ్చి, తనవారిలో ఎవడు ఖాళీగా నున్నాడో చూచి అందించుట అతని పని.

స్టీఫెన్ కర్రీ అట్టి గార్డు. ఉత్తర కరొలైనా రాష్ట్రములోని షార్లట్ పట్టణములో క్రైస్తవ పాఠశాలలో చదివెను. తండ్రి డెల్ కర్రీ పేరుగాంచిన ఆటగాడే. అయినను కుమారుడు చిన్నవాడు, సన్ననివాడు. బలము చాలక బంతిని నడుము దగ్గరనుండి విసరుచుండెను. పొడగరులు దానిని సులభముగా అడ్డగింతురని ఎరిగి, ఒక వేసవిలో తండ్రి ఆ పద్ధతిని పూర్తిగా మాన్పించి, తలపైనుండి వేయుట నేర్పెను. క్రొత్త పద్ధతి చేతికి రాలేదు, పాతది పోయెను. కొన్ని వారములవరకు దూరమునుండి ఒక్క బంతియైనను సరిగా వేయలేకపోయెను. పాత పంటను దున్నివేసి క్రొత్త విత్తనము చల్లిన రైతుకు మొలక కనబడువరకు ఎట్లుండునో ఆలోచించుడి.

హైస్కూలు ముగిసెను. పెద్ద విశ్వవిద్యాలయములేవియు విద్యార్థి వేతనమిచ్చి పిలువలేదు. తండ్రి ఆడిన వర్జీనియా టెక్ సహితము వేతనము లేకుండ వచ్చి చేరుమనెను. పిలిచినది డేవిడ్‌సన్ అను చిన్న కాలేజి. 1837లో ప్రెస్బిటేరియను సంఘమువారు స్థాపించినది, విద్యార్థులు రెండువేలకు లోపే. 2006లో అక్కడ మొదటి ఆట ఆడెను. ఆ దినమున 13 సార్లు బంతిని పోగొట్టెను! మరొక కోచ్ అయితే కూర్చుండబెట్టియుండును. బాబ్ మెకిల్లప్ అను ఆ కోచ్ మరుసటి ఆటలో మరల ఆడించెను. అందులో అతడు 32 పాయింట్లు చేసెను.

2008 మార్చిలో ఆ చిన్న కాలేజి దేశపు పోటీలో చివరి ఎనిమిది జట్లలోనికి వచ్చెను. కాన్సస్ జట్టుతో ఆట. 57కు 59. కొన్ని సెకండ్లు మాత్రమే మిగిలినవి. బంతి కర్రీ చేతిలో నున్నది, ఇద్దరు అడ్డగించిరి. అతడు ఖాళీగా నున్న సహచరునికి అందించెను. బంతి వలయములో పడలేదు. ఓడిపోయిరి. ఆ అందించుట తప్పని నేననుకొనను. గార్డు చేయవలసిన పనియే చేసెను.

ఆ దినములలో అతడు తన బూట్లపై ఫిలిప్పీ 4:13 గుర్తు వ్రాసికొనుచుండెను. గెలుపు కోరువారు ఈ వచనమును ఎత్తుకొందురు. పై వచనమును విడిచిపెట్టుదురు. అక్కడ పౌలు చెప్పునది ఆకలిని, నిండుదనమును, లేమిని, సమృద్ధిని సమానముగా సహింప నేర్చుకొంటినని. అది చెరసాలనుండి వ్రాసిన పత్రిక. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడి, వేరుసెనగ ఒక యేడు పండి రెండేండ్లు ఎండు మన నేలమీద ఈ 12వ వచనము వివరింప నక్కరలేదు. ఓడిన రాత్రి బూట్లు విప్పువానికే 13వ వచనము సరిగా తెలియును.

ఈ కథ దూరదేశపుదని తోసివేయకుడి. 2010లో మన దేశమునుండి ఎనిమిదిమంది బాలబాలికలు వేతనముమీద ఫ్లారిడాలోని ఐ.ఎం.జి. అకాడమీకి వెళ్లిరి. వారిలో ఆకుల కవిత తరువాత ఆరిజోనాలో గ్రాండ్ కాన్యన్ విశ్వవిద్యాలయపు జట్టులో గార్డుగా ఆడెను. ఆకుల అను ఇంటిపేరు మనకు క్రొత్తది కాదు. మరింత దగ్గర, నార్పల మండలము బండ్లపల్లి పిల్ల బారెడ్డి అనూష 2023లో భారత క్రికెట్ జట్టులో ఆడెను. ఆడపిల్లను ఊరుదాటి పంపుటకు ఆ తల్లిదండ్రులకు ఎంత ధైర్యము కావలసియుండునో, మన యిండ్లలోని కూతుండ్ర ముఖములు చూచి లెక్కించుకొనుడి.

కర్రీ డిగ్రీ పూర్తికాకమునుపే, 2009లో, వృత్తి ఆటకు వెళ్లిపోయెను. డిగ్రీ లేనివాని అంగీ సంఖ్యను కాలేజి గౌరవార్థము ఎత్తి నిలుపదు; ఎంత పేరు వచ్చినను వారు నియమమును సడలింపలేదు. 2022లో, 13 ఏండ్లకు, మిగిలిన చదువు ముగించి పట్టా పొందెను. అప్పుడే ఆ అంగీ పైకెక్కెను.

ఈ నెల గృహకూటములలో ఫిలిప్పీ 4:10-13 చదువుడి. పరీక్ష తప్పిన బిడ్డలను పేరుపేరున ప్రార్థనలో తలంచుడి. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టవలసిన గడువును యువజనులు హైస్కూలులో ముందుగా అడిగి తెలిసికొని, కట్టలేని యింటివారికి ఆ వారములోనే అందజేయవలెను.