పాత సిస్టమ్ మీద ఆటలు: కొద్ది డబ్బున్న పిల్లలకు

పాలిటెక్నిక్ ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీ పిల్లలు సీపీయూ డబ్బాలు బండి మీద పెట్టుకుని మా ఇంటికే వస్తారు. ఎక్కువగా ఆఫీసులు తీసేసిన డెల్, హెచ్‌పీ సిస్టమ్‌లే. లోపల 2013 నాటి నాలుగో తరం ఐ5 ఉంటుంది. "తాతయ్యా, దీంట్లో జీటీఏ ఫైవ్ ఆడుతుందా?" అని అడుగుతారు. ఆడుతుంది. కొత్త సిస్టమ్ కొనే స్తోమత లేని ఇంట్లో పిల్లలు ఆడుకోవాలనుకోవడం తప్పేం కాదు. అయితే ఏది ముందు కొనాలో తెలియక ఉన్న నాలుగు డబ్బులూ పోగొట్టుకుంటున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

1. ఏది అడ్డం పడుతోందో ముందు చూడండి.
ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. డిస్క్ నూరు శాతం దగ్గరే నిలబడిందా, మెమరీ నిండిపోయిందా, ప్రాసెసర్ ఊపిరాడక ఉందా, అక్కడే తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఇది చూడకుండా దుకాణానికి వెళ్తే, వాళ్ల దగ్గర ఏ సరుకు ఉంటే అదే మీకు అవసరమైపోతుంది.

2. హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఉంటే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీకే.
పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100, 150 ఎంబీ చదివితే గొప్ప. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న ఫైళ్లను వెతికి తేవడంలో తేడా ఇంకా ఎక్కువ. దీనివల్ల ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని మాత్రం ఆశించకండి. సిస్టమ్ ఆన్ కావడం, ఆట తెరుచుకోవడం, మధ్యలో బిగుసుకుపోకపోవడం, ఇవే లాభాలు. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకుండా సినిమాలకు, పాఠాల వీడియోలకు ఉంచుకోండి.

3. ర్యామ్ జతగా వేయండి.
8 జీబీ స్టిక్ ఒకటి వేసేకన్నా 4 జీబీవి రెండు వేస్తే డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తాయి. గ్రాఫిక్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకు ఈ ఒక్క మార్పుతోనే కళ్లకు కనిపించేంత తేడా వస్తుంది. కౌంటర్ స్ట్రైక్ 2 కనీసం 8 జీబీ అడుగుతుంది. ఈ తరం ఆఫీసు సిస్టమ్‌లకు కావలసింది డీడీఆర్3. డీడీఆర్4 స్టిక్‌కు గాడి వేరే చోట ఉంటుంది, బలవంతం చేస్తే స్లాటే పోతుంది.

4. గ్రాఫిక్ కార్డు కన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి.
అందరూ దాటేసేది ఇదే, సిస్టమ్‌లు కాలిపోయేదీ ఇక్కడే. క్యాబినెట్ పక్క రేకు తీస్తే, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీద ఒక పట్టిక కనిపిస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను పట్టించుకోకుండా +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. అక్కడ 16 ఉంటే, పన్నెండుతో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసరూ కార్డూ ఎక్కువగా తినేది ఆ లైను మీదే. ఊరూ పేరూ లేని డబ్బా మీద 450 వాట్లని అంటించి ఉన్నా, ఈ గడిలో అంకె చిన్నదైతే అది 450 కాదు.

మదర్‌బోర్డు మీది స్లాట్ కార్డుకు ఇవ్వగలిగేది 75 వాట్లే. అందుకే విడిగా పవర్ వైరు అడగని కార్డులు ఆఫీసు సిస్టమ్‌లకు నప్పుతాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దామా అంటే డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 9020 వంటి వాటిలో మదర్‌బోర్డుకు వెళ్లే వైరు మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా ఎక్కదు, కన్వర్టర్ వైరు కావాలి.

5. కార్డును జీబీ చూసి కొనకండి.
మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక కార్డు కొని తెచ్చింది. డబ్బా మీద 4 జీబీ అని ఉంది. తీరా చూస్తే డీడీఆర్3 మెమరీతో వచ్చిన జీటీ 730. ఆట బొమ్మ బొమ్మగా ఆగుతూ నడిచింది. ఆ పిల్ల మొహం చూస్తే కడుపు తరుక్కుపోయింది. మెమరీ ఎంతున్నా చిప్‌లో సత్తువ లేకపోతే పని జరగదు. జీటీ 1030లో కూడా రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5ది చిన్న ఆటలకు చాలు, డీడీఆర్4ది దాని కన్నా బాగా నెమ్మది.

సెకండ్ హ్యాండ్‌లో నేను చూడమనేవి 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650. రెండూ 75 వాట్లవే, అయితే పవర్ పిన్ను ఉన్న మోడళ్లూ ఉన్నాయి, చూసి తీసుకోండి. ధరలో పెద్ద తేడా లేకపోతే 1650 మేలు. 1050 టీఐ తరానికి ఆటల కోసం ఇచ్చే కొత్త డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపింది. సన్నటి క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ కార్డే పడుతుంది. ముందే కొలుచుకోండి.

నకిలీలు కూడా ఉన్నాయి. పాత జీటీఎక్స్ 550 టీఐ లాంటి వాటి బయోస్ మార్చి 1050 టీఐ అని అంటగడతారు. వీజీఏ పోర్టున్న 1050 టీఐ కనిపిస్తే అనుమానించండి. ఆ తరం చిప్ వీజీఏ సిగ్నల్ ఇవ్వదు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్లినా, ఇంకొకరి ఇంటికెళ్లి కొన్నా, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి చూడండి. పట్టుబడిన కార్డు పేరు ముందు అది ఫేక్ అనే రాసి చూపిస్తుంది. ఆ తర్వాత పావుగంట ఆట నడిపించి, తెర మీద గీతలు పడకపోతేనే డబ్బివ్వండి.

6. మానిటర్ వైరు కార్డుకే పెట్టండి.
కార్డు వేసి, వైరు మాత్రం పాత చోటే మదర్‌బోర్డుకు ఉంచేసి "ఏం తేడా లేదు తాతయ్యా" అనేవాళ్లు చాలామంది. పాత వీజీఏ మానిటరే ఉంటే, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

7. దుమ్ము దులపండి, ప్రాసెసర్ మీద పేస్టు మార్చండి.
పదేళ్ల పేస్టు ఎండి పెచ్చులుగా ఊడుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

8. ఏ ఆటలు, ఏ విండోస్.
విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. అడ్డదారిన ఎక్కించినా, విండోస్ 11 మీద వాలరెంట్ ఆట టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును అడుగుతుంది, పాత బోర్డుల్లో అది దొరకదు. వాలరెంటే ప్రాణం అనుకునే పిల్లలు ఈ తరం సిస్టమ్ మీద డబ్బు పెట్టొద్దు. జీటీఏ ఫైవ్, మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్ చాలనుకుంటే హాయిగా పెట్టండి. అప్‌డేట్లు రాని విండోస్ మీద మాత్రం అమ్మానాన్నల బ్యాంకు పనులు చేయకండి.

9. రేపు మీతో వచ్చే వాటి మీదే ఎక్కువ పెట్టండి.
ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్ కార్డు, మంచి ఎస్‌ఎంపీఎస్ మరో సిస్టమ్‌లోకి మారతాయి. డీడీఆర్3 ర్యామ్, పాత ప్రాసెసర్ మారవు. ఐ5 తీసి ఐ7-4770 వేద్దామని అడుగుతుంటారు, నేను వద్దంటాను. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి ఎనిమిదో తరం ఆఫీసు సిస్టమ్ కోసం ఆగండి. ఎస్‌ఎస్‌డీ, కార్డు అందులోకి మార్చుకుని, ఇదే డబ్బాను ర్యామ్‌తో సహా చదువుకునే మరో పిల్లాడికి అమ్మేయవచ్చు.