పద్మ పని నేర్చుకున్న ఏడాది

ఇది ఒక తల్లి, ఒక కూతురు గురించిన పాఠం. పాఠం కోసం కూతురికి పద్మ అని పేరు పెట్టుకుందాం.

పద్మది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. తండ్రి లేడు. తల్లి కూలి పని చేస్తుంది. పద్మ పదో తరగతి పాసయింది. తరువాత ఐ.టి.ఐ.లో చేరింది. అక్కడ రెండేళ్ళు టర్నర్ పని చదివింది.

టర్నర్ అంటే లేతు మీద పనిచేసే మనిషి. లేతు ఒక మర. కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంది, కుండ తయారవుతుంది. లేతు మీద ఇనప కడ్డీ తిరుగుతుంది. పదునైన ఉలి లాంటి పనిముట్టు ఆ కడ్డీని చెక్కుతుంది. బోల్టులు, ఇరుసులు, బుష్‌లు అలా తయారవుతాయి. మోటారు బండికీ, నీళ్ళ పంపుకీ కూడా ఇవి కావాలి.

"ఆడపిల్లకి ఇనప పనేటి?" అన్నారు ఊళ్ళో కొందరు.

"అన్నం పెట్టే పనికి ఆడేటి, మగేటి?" అంది తల్లి.

సంతకం

ఐ.టి.ఐ. చదువు అయిపోయింది. ఫ్యాక్టరీలో ఒక సంవత్సరం పని నేర్చుకోవాలని మాస్టారు చెప్పారు. దీన్ని అప్రెంటిస్‌షిప్ అంటారు. ఇందుకోసం మన దేశంలో 1961లో ఒక చట్టం వచ్చింది. దాని పేరు అప్రెంటిస్‌ల చట్టం. 30 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలు కొందరు అప్రెంటిస్‌లను తీసుకుని పని నేర్పాలి.

విశాఖపట్నం దగ్గర గాజువాకలో ఆటోనగర్ ఉంది. అక్కడ ఒక ఫ్యాక్టరీలో పద్మకు చోటు దొరికింది.

పనిలో చేరే ముందు ఒప్పందం రాసుకోవాలి. పద్మకు అప్పటికి 17 ఏళ్ళు. 18 ఏళ్ళు నిండలేదు. కాబట్టి ఆమె తరఫున తల్లి కూడా సంతకం పెట్టాలి.

తల్లి రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఏడాదిగా సంతకం పెడుతోంది. వెనక ఒకసారి చదవకుండా కౌలు కాగితం మీద వేలిముద్ర వేసి నష్టపోయింది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. తల్లికి అంకెలు మాత్రం తెలిశాయి.

"మాస్టారూ, ఇందులో ఏం రాసుందో తెలుగులో చెప్పండి. విన్నాకే సంతకం పెడతాను," అంది.

మాస్టారు ఒక్కొక్క ముక్కా చెప్పారు. తల్లి తన నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాసుకుంది.

1. కాలం: 12 నెలలు.
2. పని: టర్నర్. లేతు మీద నేర్పాలి.
3. స్టైపెండ్: నెలకు 7000 రూపాయలు.
4. గాయం తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి.

స్టైపెండ్ అంటే పని నేర్చుకునే కాలంలో ఇచ్చే డబ్బు. ఐ.టి.ఐ. పాసయిన అప్రెంటిస్‌కు నెలకు 7000 రూపాయలకు తగ్గకూడదని 2019లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది.

తల్లి సంతకం పెట్టింది. ఒప్పందం నకలు ఒకటి అడిగి తీసుకుంది. ట్రంకు పెట్టెలో దాచింది.

మొదటి నెలలు

పద్మ గాజువాకలో ఆడపిల్లల హాస్టల్లో ఉంది. ఫ్యాక్టరీలో మొదటి రోజు మర ముట్టుకోనివ్వలేదు. పెద్ద మేస్త్రీ జాగ్రత్తలు చెప్పాడు.

"చున్నీ వద్దు. జడ ముడి వేసి టోపీ పెట్టుకో. గాజులు, ఉంగరం తీసెయ్. కంటికి అద్దాలు పెట్టుకో. మర తిరిగేటప్పుడు చేతికి గుడ్డ గ్లౌజులు తొడగొద్దు. మర గుడ్డను పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుంది."

ఇనప రజను చేత్తో తీయకూడదు. అది బ్లేడులా కోస్తుంది. బ్రష్‌తో తీయాలి. మర ఆపిన తరువాతే తీయాలి. ఇవన్నీ పద్మ ఐ.టి.ఐ.లో విన్నవే. కాని పెద్ద మర పక్కన నిలబడి వింటే వేరుగా ఉంది.

ఐ.టి.ఐ.లో ఒక ముక్క పాడైతే మాస్టారు ఇంకొకటి ఇచ్చేవారు. ఇక్కడ అలా కాదు. ముక్క పాడైతే డబ్బు పోతుంది. కొలత ముఖ్యం. కొలవడానికి వెర్నియర్ అనే పనిముట్టు ఉంది. అది మిల్లీమీటరులో 50వ వంతు వరకు కొలుస్తుంది. మన నోటుపుస్తకం కాగితం మందం సుమారు మిల్లీమీటరులో 10వ వంతు. అంటే కాగితం మందంలో 5వ వంతు తేడా కూడా వెర్నియర్‌కు తెలిసిపోతుంది!

మొదటి నెలలో పద్మ 6 బుష్‌లు పాడుచేసింది. రాత్రి ఏడ్చింది. మూడో నెలకు చేయి కుదిరింది. "నీ చేతిలో నిదానం ఉంది," అన్నాడు పెద్ద మేస్త్రీ.

పాసుబుక్కు చెప్పిన సంగతి

స్టైపెండ్ పద్మ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాసుబుక్కు ఊళ్ళో తల్లి దగ్గర ఉంది. ఏడో నెలలో తల్లి బ్యాంకుకు వెళ్ళింది. పాసుబుక్కు అచ్చు వేయించింది. అరుగు మీద కూర్చుని చదివింది.

మొదటి 3 నెలలు 7000 పడింది. తరువాత 3 నెలలు 5200 మాత్రమే పడింది.

తల్లి మళ్ళీ చదివింది. తను తప్పు చదివానేమో అనుకుంది. బ్యాంకు గుమస్తాను అడిగింది. అంకె సరైనదే.

ఆ రాత్రి కూతురికి ఫోను చేసింది.

"ఇదేటమ్మా, డబ్బు తగ్గింది?"

పద్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. నాలుగో నెలలో ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చింది. పద్మను లేతు దగ్గర నుంచి తీసేశారు. సరుకు తుడిచి పెట్టెల్లో సర్దే పనిలో పెట్టారు. పెట్టెకు ఇంత అని లెక్క కట్టి డబ్బు ఇస్తున్నారు. కొన్ని రోజులు పొద్దుపోయేదాకా ఉంచుతున్నారు.

"ఎందుకు చెప్పలేదు?"

"గొడవ చేస్తే తీసేస్తారేమో. ఆరు నెలలు గడిచాయి. ఊరుకో అమ్మా."

"నువ్వు పని నేర్చుకోడానికి వెళ్ళావా, పెట్టెలు సర్దడానికి వెళ్ళావా?" అంది తల్లి.

పద్మ జవాబు చెప్పలేదు.

మాస్టారి దగ్గరకు

మర్నాడు తల్లి కూలికి వెళ్ళలేదు. ఒప్పందం నకలు, నోటుపుస్తకం, పాసుబుక్కు సంచిలో పెట్టుకుంది. ఐ.టి.ఐ. మాస్టారి దగ్గరకు వెళ్ళింది.

మాస్టారు మూడూ చూశారు. చట్టంలో ఉన్న సంగతులు చెప్పారు.

"అమ్మా, అప్రెంటిస్‌కు ముక్కకు ఇంత, పెట్టెకు ఇంత అని లెక్క కట్టి డబ్బు ఇవ్వకూడదు. నెల స్టైపెండ్ ఇవ్వాలి. అప్రెంటిస్‌తో ఓవర్‌టైం చేయించకూడదు. చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు అనుమతి కావాలి. అనుమతి ఇచ్చినా అది నేర్పు కోసం గాని, ప్రజల మేలు కోసం గాని ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. ఒప్పందంలో రాసిన పనే నేర్పాలి."

"మా పిల్లను తీసేస్తే?"

"యజమానికీ అప్రెంటిస్‌కూ ఒప్పందం మీద తగాదా వస్తే తేల్చేది అడ్వైజరే. ముందు ఫ్యాక్టరీలో అడుగుదాం. వినకపోతే అర్జీ పెడదాం."

ఇద్దరూ గాజువాక వెళ్ళారు. మేనేజరు మొదట విసుక్కున్నాడు. "పిల్లకు తిండి పెడుతున్నాం కదా," అన్నాడు.

తల్లి నోటుపుస్తకం తెరిచింది. రాసుకున్న నాలుగు మాటలూ చదివింది. చదువుతుంటే గొంతు వణికింది. కాని చివరిదాకా చదివింది. తరువాత పాసుబుక్కు ముందు పెట్టింది.

"నెలకు 1800 తక్కువ బాబూ. మూడు నెలలకు 5400. డబ్బు సంగతి సరే. మా పిల్లకు లేతు పని ఎప్పుడు నేర్పుతారు?"

మాస్టారు అర్జీ కాగితం బయటికి తీశారు. మేనేజరు ఆ కాగితం చదివాడు. వారం గడువు అడిగాడు.

వారం తరువాత పద్మ మళ్ళీ లేతు దగ్గరకు వెళ్ళింది. 5400 రూపాయలు తరువాతి నెలలో ఖాతాలో పడ్డాయి. పోయిన డబ్బు తిరిగి వచ్చింది. పోయిన మూడు నెలల నేర్పు మాత్రం తిరిగి రాలేదు. మరలు కట్టడం, విడి భాగాలు జోడించడం పద్మ గబగబా నేర్చుకోవలసి వచ్చింది.

ఏడాది చివర

12 నెలలు నిండాయి. పద్మ పరీక్ష రాసింది. లేతు మీద ఒక ముక్క చేసి చూపించింది. పాసయింది. జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వచ్చింది.

ఆ ఫ్యాక్టరీలో పద్మకు ఉద్యోగం ఇవ్వలేదు. ఒప్పందంలో అలా రాసుకుంటే తప్ప, అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఈ సంగతి మాస్టారు ముందే చెప్పారు. అయినా పద్మకు బాధ కలిగింది.

ఆటోనగర్‌లోనే ఇంకొక వర్క్‌షాపుకు వెళ్ళింది. యజమాని సర్టిఫికెట్ చూశాడు. తరువాత ఒక కడ్డీ, ఒక బొమ్మ కాగితం చేతికి ఇచ్చాడు. "ఈ కొలతకు చేసి చూపించు," అన్నాడు. పద్మ జడ ముడి వేసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. కడ్డీ బిగించింది. నిదానంగా చెక్కింది. యజమాని వెర్నియర్‌తో కొలిచాడు. కొలత సరిపోయింది.

"సోమవారం నుంచి రా," అన్నాడు.

పద్మ తల్లికి ఫోను చేసింది. తల్లి మొదట అడిగిన మాట ఇది:

"కాగితం ఇచ్చారా? సంతకం పెట్టే ముందు చదువు."

గుర్తుంచుకోండి

- అప్రెంటిస్ పని నేర్చుకునే మనిషి. మామూలు కూలీ కాదు.
- ఒప్పందం చదవకుండా సంతకం పెట్టవద్దు. తెలియని భాషలో ఉంటే చదివించుకుని వినండి.
- ఒప్పందం నకలు అడిగి దాచుకోండి.
- పాసుబుక్కు తరచు అచ్చు వేయించి చూసుకోండి.
- పని మధ్యలో గాయం తగిలితే దాచవద్దు. వెంటనే చెప్పి, రాయించండి.

కొత్త మాటలు

ఒప్పందం: ఇద్దరు ఒప్పుకుని రాసుకున్న కాగితం
నకలు: అసలు కాగితం లాంటి రెండో కాగితం
పరిహారం: నష్టానికి బదులుగా ఇచ్చే డబ్బు
అర్జీ: మన బాధ రాసి ఇచ్చే కాగితం

చర్చించండి

1. పద్మ తన కష్టం తల్లికి ఎందుకు చెప్పలేదు? మీ పిల్లలు మీకు అన్నీ చెబుతారా?
2. తల్లి నాలుగు మాటలు రాసుకోకపోతే ఏమయ్యేది?
3. మీ ఊళ్ళో ఐ.టి.ఐ. చదివిన ఆడపిల్లలు ఉన్నారా? వారు ఏ పని నేర్చుకున్నారు?

లెక్క చేయండి

నెలకు 7000 రూపాయలు రావాలి. 6200 మాత్రమే వచ్చింది. నెలకు ఎంత తగ్గింది? 4 నెలలకు ఎంత తగ్గుతుంది?