చిట్టితల్లికి

చిట్టితల్లీ,

మీ నాన్న నిన్న మామూలుగానే భోంచేశాడు. నువ్వు ఆ దిగులుతోనే కూర్చుంటావని ముందు ఆ సంగతి రాస్తున్నాను. వచ్చే నెల నువ్వు అమెరికా పౌరసత్వ ప్రమాణం చేస్తున్నావని వినగానే వాడు "దేశం ఫిరాయించింది" అన్నాడు. కోపంలో నోరుజారిన మాట. అది పట్టుకుని రాత్రంతా ఏడ్చావట! ఇంత చదివి ఏం లాభమే? సర్లే, కన్నతండ్రే అలా అంటే ఎవరికైనా ఏడుపొస్తుంది.

కానీ ఆ మాట నీకు వర్తించదు. ఎవరికి వర్తిస్తుందో చెబుతాను.

1967లో, నా చిన్నతనంలో, పేపర్లనిండా స్వెత్లానా కబుర్లే. స్టాలిన్ కూతురు. మన కాలాకాంకర్ సంస్థానపు వంశంలోని బ్రజేష్ సింగ్‌ను ప్రేమించింది. ఆయనా కమ్యూనిస్టే. అయినా పెళ్ళికి సోవియట్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన మాస్కోలో కన్నుమూశాక, చితాభస్మం గంగలో కలపడానికని మాత్రం ఇక్కడికి రానిచ్చింది. మార్చి 6 సాయంత్రం, ఇక తిరుగుప్రయాణమే అనగా, ఆమె ఢిల్లీలో ట్యాక్సీ ఎక్కి అమెరికా ఎంబసీకి వెళ్ళింది. ఆ రాత్రే ఆమెను రోమ్ విమానం ఎక్కించారు.

మాస్కోలో ఎదిగిన కొడుకు, 16 ఏళ్ళ కూతురు కాత్యా ఉండిపోయారు. వాళ్ళకు చెప్పి వెళ్ళే దారి లేదు. చెబితే కదలనివ్వరు. 1984లో తిరిగి వెళ్ళింది కానీ కొడుకుతో పొసగలేదు. కాత్యా తల్లిని చూడటానికే ఒప్పుకోలేదు. రెండేళ్ళకు మళ్ళీ అమెరికా చేరి, 2011లో అక్కడే పోయింది. పిల్లల్ని వదిలిన తల్లి అని ఆమెను తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళికీ ప్రయాణానికీ సర్కారు అనుమతి కావాలన్న పాలకులను తిట్టరేం? నాట్యకారుడు నురేయెవ్‌దీ అదే గతి. 1961లో పారిస్ విమానాశ్రయంలో శరణు కోరినవాడికి, మంచాన పడ్డ తల్లిని చూడటానికి 1987 దాకా వీలు కాలేదు.

నీది అదా తల్లీ? మీ నాన్నే నిన్ను విమానాశ్రయంలో దిగబెట్టాడు.

అయితే వాడి బాధను తీసిపారేయకు. ప్రమాణం చేయగానే నీ భారత పౌరసత్వం పోతుంది, మన చట్టం అంతే. ఇక్కడ నీకు ఓటుండదు. తాతల ఊళ్ళో కొత్తగా ఎకరం పొలం కొనలేవు. చిన్న విషయాలు కావవి. "ఒట్టి కాగితమే కదా నాన్నా" అని మాత్రం అనకు, వాడికి ఇంకా మండుతుంది.

పాత పాస్‌పోర్టు సరెండర్ చేయడానికి బద్ధకించకు, ఓసీఐ కార్డుకు వెంటనే పెట్టుకో. అది చేతిలో ఉంటే వీసా కోసం ఎవరినీ దేబిరించక్కర్లేదు, బుద్ధిపుట్టినప్పుడు టికెట్ కొనుక్కుని వచ్చెయ్యొచ్చు.

ప్రమాణం తేదీ మీ నాన్నకు నువ్వే చెప్పు, మీ అమ్మ చేత చెప్పించకు. మొదటిసారి ఫోనెత్తడు. మళ్ళీ చెయ్యి. ఆదివారం పొద్దున్న అయితే నేనూ అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ అత్త