పదిమందిలో పాము

‘పదిమందిలో పాము చావదు’ అన్నది తెలుగునాట తరతరాలుగా వినవస్తున్న సామెత. పెరట్లో పాము కనబడినప్పుడు ఇంట్లో ఒక్కడే ఉంటే వాడే కర్ర అందుకుంటాడు. పదిమంది పోగయితే మాత్రం ఎవరికి వారు పక్కవాడు కొడతాడులే అని నిలబడతారు. ఇంతలో పాము పొదలోకి జారుకుంటుంది. ఆ పదిమందిలో పిరికివారూ ఉండవచ్చు, కర్ర తిప్పడం చేతకానివారూ ఉండవచ్చు, చేతనై కూడా చేయి కదపనివారూ ఉండవచ్చు. పాము తప్పించుకున్న తరువాత వీరిలో ఎవరు ఏ కోవకు చెందినవారో తేల్చడం సులభం కాదు. కార్యాలయాల్లోనూ కర్మాగారాల్లోనూ కలిసి పనిచేసేవారి మధ్య ప్రతిదినం తలెత్తే వివాదాలకు మూలం చాలావరకు ఈ చిక్కే.

ఒక పని నెరవేరడానికి సామర్థ్యం, ప్రయత్నం రెండూ కావాలి. ఫ్రిట్జ్ హైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1958లో వెలువరించిన గ్రంథంలో ఈ రెండింటి సంబంధాన్ని కూడికగా కాక గుణకారంగా భావించాడు. ఎంత శక్తి ఉన్నా ప్రయత్నం సున్న అయితే ఫలితం సున్నయే. శక్తి బొత్తిగా లేనప్పుడు ఎంత ప్రయత్నించినా అంతే. అయితే చూసేవారి కంటికి కనబడేది ఫలితం మాత్రమే. పని తక్కువ జరిగినప్పుడు లోపం ఏ వైపున ఉన్నదో ఫలితం తనంతట తాను చెప్పదు. ఆ ఖాళీని చూసేవారు తమ ఊహతో పూరిస్తారు. ‘చేతకానివాడు’ అన్నా, ‘సోమరి’ అన్నా ఆ ఊహ ఫలితమే. ఈ రెండు మాటల బరువు మాత్రం సమానం కాదు. చేతకానివానిపై జాలి కలుగుతుంది, సోమరిపై కోపం వస్తుంది. ఒక ఉద్యోగి జీవితం ఏ మలుపు తిరుగుతుందన్నది కొన్నిసార్లు అతని పైఅధికారి ఈ రెండింటిలో ఏ మాట వాడాడన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

గుంపులో మనిషి తన శక్తినంతా వినియోగించడన్న సామెత సత్యాన్ని మొదట కొలిచి చూసినవాడు ఫ్రాన్సు దేశానికి చెందిన మాక్స్ రింగెల్మాన్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త కాడు, వ్యవసాయ ఇంజనీరు. ఎడ్లు, గుర్రాలు, మనుషులు, యంత్రాలు బరువులు లాగడంలో దేని సామర్థ్యం ఎంత అన్నదే ఆయనకు ముఖ్యమైన ప్రశ్న. 1882 నుండి 1887 వరకు జరిపిన ప్రయోగాల్లో ఆయన విద్యార్థుల చేత తాడు లాగించి ఆ బలాన్ని కొలిచాడు. ఒంటరిగా లాగినవాని బలాన్ని 100గా తీసుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు 93కు, ముగ్గురైతే 85కు తగ్గింది. ఎనిమిదిమంది అయ్యేసరికి అది 49కి పడిపోయింది. అనగా ఎనిమిదిమంది కలిసి నలుగురి పనిని మాత్రమే చేశారు. ఈ వివరాలు 1913లో ప్రచురితమయ్యాయి.

ఈ అంకెలను చూడగానే ఆ విద్యార్థులు సోమరులని నిర్ణయించడం తొందరపాటు. తాడు లాగేటప్పుడు అందరూ ఒకే క్షణంలో, ఒకే దిశలో లాగితేనే బలం కలుస్తుంది. ఒకడు ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు మరొకడు లాగితే ఆ శక్తి వృథా. రింగెల్మాన్ కూడా ఈ సమన్వయ లోపాన్నే ప్రధాన కారణంగా చెప్పాడు. అయినా పక్కవాని శ్రమపై ఆధారపడే గుణాన్ని ఆయన గమనించకపోలేదు. ఒక చెరసాలలో ఖైదీలు పిండిమర చక్రాన్ని కలిసి తిప్పుతుండగా చూసి, కొందరు కేవలం చేయి ఆనించి చక్రంతో పాటు తిరుగుతున్నారని రాశాడు. చేయి పిడి మీదనే ఉంటుంది, కనుక చూసేవారికి అందరూ తిప్పుతున్నట్లే కనబడుతుంది.

సమన్వయ లోపమెంత, అలసత్వమెంత అన్నదానిని విడదీయడానికి దాదాపు తొమ్మిది దశాబ్దాలు పట్టింది. 1974లో ఆలన్ ఇంగమ్, ఆయన సహచరులు అమెరికాలో ఒక చిన్న ఉపాయం పన్నారు. తాడు లాగేవాని కళ్లకు గంతలు కట్టి, అందరికంటే ముందు నిలబెట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి లాగుతున్నది అతడొక్కడే. కనుక సమన్వయ లోపానికి తావే లేదు. అయినా వెనుక ఒకరిద్దరున్నారని తలచగానే అతని బలం తగ్గింది. ఆ పైన ఎంతమంది ఉన్నారని చెప్పినా మరి పెద్దగా తగ్గలేదు.

1979లో బిబ్ లాటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ అనే ముగ్గురు ఇదే విషయాన్ని చప్పట్లతోనూ కేకలతోనూ పరీక్షించారు. ఆరుగురు కలిసి చేసిన ధ్వని, వారు విడివిడిగా చేయగల ధ్వనుల మొత్తంలో 40 శాతమే ఉన్నది. (సన్మాన సభల్లో కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఇది వింతగా తోచకపోవచ్చు.) కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోనులు పెట్టి, ఆరుగురు కలిసి అరుస్తున్నారని నమ్మించి ఒక్కరి చేతనే అరిపించినప్పుడు ఆ అరుపు 74 శాతానికి దిగింది. అంటే నష్టంలో కొంత భాగం కలయికలోని లోపం, మరికొంత భాగం నిజంగానే తగ్గిన ప్రయత్నం. విశేషమేమంటే, ఇలా తక్కువగా అరిచినవారికి తాము తగ్గించామన్న స్పృహ సాధారణంగా ఉండదు. వారు మోసగాళ్లు కారు. 1981లో అదే పరిశోధకులు గుంపులో ఉన్నా ఎవరి ధ్వని ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ అలసత్వం మాయమైంది.

పక్కవాడు చూస్తున్నాడన్న భావన ఎంత బలమైనదో తెలిపే నిదర్శనం మరొకటి కలదు. అలెగ్జాండర్ మాస్, ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థలో బిల్లు కౌంటర్ల వద్ద పనిచేసేవారి వేగాన్ని పరిశీలించి 2009లో ఫలితాలను ప్రచురించారు. వేగంగా పనిచేసే ఉద్యోగి డ్యూటీకి రాగానే ఇతరుల వేగమూ పెరిగింది. అయితే అందరిదీ కాదు. అతని చూపు ఎవరి వీపు మీద పడుతుందో వారిది మాత్రమే పెరిగింది. అతనిని తాము చూడగలిగినవారి వేగంలో అటువంటి మార్పు రాలేదు. సమర్థుని చూసి స్ఫూర్తి పొందుతారన్న మాట వినడానికి బాగుంటుంది కాని, ఇక్కడ పనిచేసింది స్ఫూర్తి కాదు, మొగమాటం.

బలహీనుడు జట్టుకు ఎల్లప్పుడూ భారమేనా అన్న ప్రశ్నకు 1920ల్లో జర్మనీకి చెందిన ఒట్టో కోలర్ ఎదురుచూడని సమాధానం కనుగొన్నాడు. బెర్లిన్ నగరంలోని ఒక పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత ఆయన అలసిపోయేవరకు బరువులెత్తించాడు. తరువాత ఇద్దరేసి కలిసి రెట్టింపు బరువున్న కడ్డీని ఎత్తవలసి వచ్చింది. ఒకడు చాలించుకుంటే రెండవవాడు ఒంటరిగా ఎత్తలేడు. అటువంటప్పుడు బలహీనుడు తాను ఒంటరిగా ఎత్తినప్పటి కంటే ఎక్కువసేపు నిలిచాడు. తన వల్ల జతగాని శ్రమ వ్యర్థం కారాదన్న పట్టుదల అతని చేత అదనపు శ్రమ చేయించింది. ఇద్దరి బలాల మధ్య తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఈ ఫలితం ఎక్కువగా కనబడింది. ఇద్దరూ సమానులైతే పోటీకి కారణం లేదు, తేడా మరీ ఎక్కువైతే ఆశ లేదు.

ఎవరి వాటా ఎంత అన్నది పనిచేసినవారినే అడిగి తెలుసుకోవచ్చు కదా అనిపిస్తుంది. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనేవారు 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తలను విడివిడిగా ఇంటి పనుల్లో ఎవరి వంతు ఎంత అని అడిగారు. ఎక్కువ జంటల్లో ఇద్దరి అంచనాలను కలిపితే నూరు శాతం దాటింది. అందులో అబద్ధం కంటే జ్ఞాపకం పాత్రే ఎక్కువ. తాను పడిన శ్రమ మనిషికి వివరంగా గుర్తుంటుంది. ఎదుటివారి శ్రమ తన కంటబడినంత మేరకే తెలుస్తుంది.

కంటబడని శ్రమకు తెలుగువారి చేనేత రంగాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. పోచంపల్లి పద్ధతి చీర మగ్గం మీద కూర్చున్న ఒక్కని చేతిలో తయారయ్యేది కాదు, కుటుంబమంతా ఒక జట్టుగా నేసేది. నూలు తోడడం, ఆసు పోయడం, చిటికి కట్టడం, రంగులద్దడం, కండెలు చుట్టడం అన్నీ అయిన తరువాతనే నేత సాగుతుంది. వీటిలో ఆసు పోయడం ఎక్కువగా స్త్రీల వంతు. అర్ధవలయంగా అమర్చిన మేకుల చుట్టూ పోగును చేతితో అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలసి ఉంటుంది. దీనికి గంటల తరబడి సమయం పడుతుంది. పొరపాటు పడితే డిజైను చెదురుతుంది. నేసినవానికి ‘మంచి పనివాడు’ అన్న పేరు వస్తుంది, కూలి చీర లెక్కన ఆ పేరు మీదనే ముడుతుంది. ఆసు పోసిన చేతికి విడిగా లెక్క లేదు. ఏ రోజైనా ఆమె భుజం పట్టేసి పని ఆలస్యమైతే మాత్రం ఆ ఆలస్యం ఆమె పేరు మీదనే నమోదవుతుంది.

ఒకప్పటి నల్గొండ జిల్లా, ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి రోజుకు రెండు చీరలకు ఆసు పోసేది. భుజాలు, మోచేతులు నొప్పి పెట్టి ఇక చేయలేనని ఆమె అన్నప్పుడు, అది సోమరితనమని అనుకోవడానికి గాని, వయసు మీద పడి చేతకానితనం వచ్చిందని సరిపెట్టుకోవడానికి గాని అవకాశముంది. చదువు బడిస్థాయిలోనే ఆగిపోయిన మల్లేశం ఈ రెండూ అనుకోలేదు. లోపం మనిషిలో కాక పని తీరులో ఉన్నదని గ్రహించి, 1992లో ఆసు పోసే యంత్రం చేయడానికి పూనుకున్నాడు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కొక్క భాగం చొప్పున తయారుచేస్తూ వచ్చాడు. ఇరుగుపొరుగు నవ్వారు, అప్పులయ్యాయి. 1999లో యంత్రం పూర్తయింది. గంటల తరబడి చేతితో సాగిన పని గంటన్నర ప్రాంతానికి తగ్గింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. యంత్రానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం.