పాత ఫ్రిజ్: తలుపు తీసేశాకే మూలన పెట్టాలి

పాడైన ఫ్రిజ్‌ను రీసైక్లింగ్‌కు ఇచ్చేలోపు పెరట్లోనో, మెట్ల కిందో పడేస్తాం. అసలు ప్రమాదం అక్కడే. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే తలుపు బిగుసుకుపోతుంది. అంచున ఉండే రబ్బరు గాలిని రానివ్వదు, అరుపును బయటికి పోనివ్వదు. అమెరికాలో ఇలాంటి మరణాల వల్లే 1956లో రిఫ్రిజిరేటర్ భద్రతా చట్టం వచ్చింది. తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలన్నది దాని సారం. పాత గొళ్లేల స్థానంలో అయస్కాంతపు రబ్బరు పట్టీలు స్థిరపడటానికి ఈ చట్టం ఊతమిచ్చింది. అయినా చిన్నపిల్లల బలాన్ని నమ్ముకోకూడదు. తలుపు ఊడదీయాలి, అరలు మాత్రం లోపలే ఉంచాలి. అప్పుడు దూరేందుకు చోటుండదు. ఈ ఒక్క పని ఈ రోజే చేయండి.

ఫ్రిజ్‌ను నిటారుగా, నీడలో ఉంచాలి. రాగి కోసం గొట్టాలు కోయకూడదు; కోస్తే లోపలి శీతలీకరణ వాయువు బయటికి వస్తుంది. పాతవాటిలోని ఆర్-12 సీఎఫ్‌సీ వాయువు ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది; 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఇలాంటి వాయువుల కట్టడికే. ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచుతుంది. ఇలాంటి హెచ్‌ఎఫ్‌సీ (హైడ్రోఫ్లోరోకార్బన్) వాయువుల తగ్గింపునకే ఆ ఒప్పందానికి 2016లో కిగాలి సవరణ చేశారు. కొత్తవాటిలోని ఆర్-600ఎ, అంటే ఐసోబ్యుటేన్, మండే వాయువు. పాత ఫ్రిజ్‌ల గోడల్లోని నురుగులోనూ సీఎఫ్‌సీ-11 ఉంటుంది.

మన దేశంలో ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2022 ఏప్రిల్ 1, 2023 నుంచి అమల్లో ఉన్నాయి. ఫ్రిజ్ వాటి పరిధిలోకి వస్తుంది. రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి.