ఖనిజపు దారిలో ఇద్దరు మిత్రులు

పాఠ్యభాగ పరిచయం

యాత్రావర్ణనకు తెలుగు వచనంలో ప్రత్యేక స్థానముంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేశాడు. 1838లో గ్రంథరూపం పొందిన ఆయన యాత్రాచరిత్ర తరువాతి యాత్రికులకు మార్గదర్శకమైంది. ఆనాటి దూరప్రయాణం వ్యయప్రయాసలతో కూడినది. రైలుబండి వచ్చిన తరువాతనే అది సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. విశాఖపట్నం నుంచి కిరండూల్ వరకు సాధారణ తరగతి పెట్టెలో ఇద్దరు విద్యార్థులు చేసిన ప్రయాణం ఈ పాఠంలోని వస్తువు. మిత్రులిద్దరూ కల్పిత పాత్రలు. మార్గమూ, దాని చరిత్రా వాస్తవాలు.

పాఠ్యభాగం

విశాఖపట్నానికి రెండు భుజాలు ఉన్నాయి. ఒకటి 1933లో ప్రారంభమైన ఓడరేవు. రెండవది ఉక్కు కర్మాగారం. 1966 నాటి ప్రజా ఉద్యమ ఫలితంగా సాధించుకొన్న ఈ కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఉక్కుకు మూలమైన ఇనుప ఖనిజం మాత్రం విశాఖలో దొరకదు. కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. తూర్పు కనుమలకు ఆవల, బస్తరు అడవుల నడుమ ఉన్న బైలాడిలా కొండల నుంచి ఖనిజం రైలుమార్గాన దిగి వస్తుంది. కొంత కర్మాగారపు కొలుములకు చేరుతుంది. కొంత రేవులో ఓడలకెక్కుతుంది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న ఇద్దరు మిత్రులకు ఈ ఖనిజంతో పరిచయం వేరొక విధంగా కలిగింది. ఒకని తండ్రి రేవులో క్రేను నడుపుతాడు. రెండవవాని తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. రెండు ఇళ్లలోనూ తండ్రుల చొక్కాలు ఉతికిన నీళ్లు ఎర్రగా పారడం వారు చిన్ననాటి నుంచి చూస్తున్నదే. ఆ ఎర్రదనం ఎక్కడ పుట్టిందో చూడవలెనన్న కోరిక ఇద్దరికీ కలిగింది. దసరా సెలవులు వచ్చాయి. చేతిలో ఉన్నది కొద్దిపాటి పైకం. అందుకే ఉదయం వేళ విశాఖలో బయలుదేరి రాత్రికి కిరండూల్ చేరే ప్యాసింజరు బండిని ఎంచుకొన్నారు. రిజర్వేషను లేని సాధారణ తరగతిలో టికెట్లు తీసుకొన్నారు. తిండికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పడకకు కిరండూల్ స్టేషనులోని ప్రయాణికుల విశ్రాంతి గది అని లెక్క వేసుకొన్నారు. ఉక్కునగరపు మిత్రుడు జాగ్రత్తపరుడు. టికెట్లు రెండూ, డబ్బు మొత్తమూ తన జేబులోనే ఉంచుకొన్నాడు. ఖర్చులు వ్రాయడానికి చిన్న పుస్తకం కూడా తెచ్చుకొన్నాడు. రేవు మిత్రునికి ఈ లెక్కలు పట్టవు. కిటికీ దొరికితే చాలునన్నది అతని మతం.

కిటికీ దొరకలేదు సరికదా, కూర్చోవడానికి జానెడు చోటు కూడా దొరకలేదు. అరకు చూడబోయే కుటుంబాలు, సంతకు వెళ్లే చిరువ్యాపారులు, బుట్టలు, మూటలు, చంటిపిల్లలు కలిసి పెట్టె కిటకిటలాడింది. కొత్తవలస దాటింది. శృంగవరపుకోటలో కొందరు దిగారు. అప్పుడు ఒక బల్ల అంచున ఇద్దరికీ కలిపి ఒకరు కూర్చోగలిగినంత చోటు లభించింది. వంతులవారీగా కూర్చోవాలని ఒప్పందం కుదిరింది. రెండు స్టేషన్లు గడిచేసరికి వంతు ఎవరిదన్న తగువు మొదలైంది. చౌక ప్రయాణంలో మొదటి పరీక్ష ఇదే. డబ్బు పెట్టి కొనుక్కొనని సౌకర్యాన్ని ఓర్పుతో కొనుక్కోవలసి ఉంటుంది.

శివలింగపురం దాటిన తరువాత బండి కొండ ఎక్కసాగింది. అరవై మీటర్లు ముందుకు సాగితే సుమారు ఒక మీటరు పైకి ఎక్కే వాలు అది. ఒక వైపు నిట్టనిలువు రాతిగోడ, మరొక వైపు లోతు తెలియని లోయ. అంతలో సొరంగం. పెట్టె అంతా చీకటి కాగా పిల్లలు ఒక్కపెట్టున కేకలు వేశారు. వెలుతురు వచ్చింది. ఆ కేకలు నవ్వులైనాయి. నవ్వు ముగియకముందే మరొక సొరంగం. కొత్తవలస-కిరండూల్ మార్గంలో ఇటువంటి సొరంగాలు 58 ఉన్నాయి. పెద్ద వంతెనలు 84. మార్గం పొడవు సుమారు 445 కిలోమీటర్లు.

ఇంత కష్టసాధ్యమైన మార్గాన్ని ప్రయాణికుల కోసం నిర్మించలేదు. జపాను దేశపు ఉక్కు కర్మాగారాలకు బైలాడిలా ఖనిజాన్ని సరఫరా చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే 1960 దశకంలో కనుమలను తొలిచి పట్టాలు పరిచారు. మార్గంలో అత్యున్నత స్థానమైన శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒంటి పట్టాల మార్గంగా వేసిన ఈ దారిలో రెండవ వరుస పనులు ఇటీవలి కాలంలో చేపట్టారు. ఖనిజపు బండ్లు రాకపోకలు సాగించే ఈ ఇంట ప్రయాణికుల బండి అతిథి మాత్రమే. గృహస్థునికి దారి వదిలి అతిథి పక్కకు తప్పుకోక తప్పదు.

చిమిడిపల్లిలో బండి అలాగే పక్కకు తప్పుకొంది. అరగంట గడిచింది. సీసాలోని నీళ్లు అయిపోయాయి. రేవు మిత్రుడు నీళ్లు పట్టుకు వస్తానని దిగి, కుళాయి వద్ద నిలుచున్నవారితో మాటలలో పడ్డాడు. ఇంతలో పెనుధ్వనితో ఖనిజపు బండి లోయవైపు దిగిపోయింది. పెట్టె వెనుక పెట్టె, అన్నిటిలోనూ ఎర్రని గుట్టలు. దాని తోక కనుమరుగు కాగానే గార్డు ఈల వేశాడు. తన పెట్టె చాలా ముందున్నది కనుక రేవు మిత్రుడు చేరువలో ఉన్న చివరి పెట్టెలోకి ఎక్కాడు. ఒక పెట్టె నుంచి మరొక పెట్టెలోకి వెళ్లే దారి ఆ బండిలో లేదు.

ముందు పెట్టెలోని మిత్రునికి ఈ సంగతి తెలియదు. తలుపు వద్ద నిలిచి వెనుకకు చూశాడు. ప్లాట్‌ఫారం ఖాళీగా కనిపించింది. బండి సొరంగంలో ప్రవేశించింది. వాని టికెట్టు తన జేబులోనే ఉంది. డబ్బు కూడా తన జేబులోనే ఉంది. వాడు దిగబడిపోతే చేతిలో చిల్లిగవ్వ లేదు. అంతవరకు తన జాగ్రత్తను గురించి గర్వపడిన బాలునికి, ఆ జాగ్రత్తే మిత్రుని నిరాధారుని చేసిందన్న భావం ఆ చీకటిలో మొదటిసారి తోచింది.

బొర్రా గుహల స్టేషనులో బండి ఆగగానే ఇద్దరూ ఎదురెదురుగా పరుగెత్తుకొంటూ వచ్చారు. భయం తీరిన మరుక్షణం కోపం వచ్చింది. “ఇకమీదట నీతో ఎక్కడికీ రాను” అన్నాడు ఒకడు. “నువ్వు రమ్మంటే కదా నేను వచ్చాను” అన్నాడు రెండవవాడు. సున్నపురాతి గుహలలో వేల సంవత్సరాలుగా బొట్టుబొట్టుగా పేరుకొన్న రాతిశిల్పాలను చూడటానికి దిగిన యాత్రికులను గాని, బుట్టలతో వచ్చిన వ్యాపారులను గాని వారు గమనించలేదు. శిమిలిగుడ వచ్చినా మౌనమే. అరకు వచ్చినా మౌనమే.

అరకులో విహారయాత్రికులందరూ దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. మిత్రులకు చెరొక కిటికీ దొరికింది. ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఎదుటి బల్లమీద ఒక గిరిజన వృద్ధురాలు సీతాఫలాల బుట్టతో కూర్చుని ఉంది. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బాగా పండిన ఫలమొకటి తీసి ఇద్దరి మధ్య ఉంచింది. “ఒకటే ఉంది బాబూ, పంచుకోండి” అంది. బుట్టనిండా ఫలాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఉక్కునగరపు మిత్రుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. చేత్తో అదిమితే విడిపోయే ఫలం అది. రెండు చెక్కలు చేశాడు. తినడం ముగిసిన తరువాత జేబులోని టికెట్లలో ఒకటి, మిగిలిన పైకంలో సగం తీసి మిత్రుని చేతిలో పెట్టాడు. రేవు మిత్రుడు, “నీతో చెప్పకుండా ఇక దిగనులేరా” అన్నాడు. క్షమాపణలు అంతటితో ముగిశాయి.

దారి ఒడిశాలో ప్రవేశించింది. స్టేషన్ల పేర్ల లిపి మారింది. పెట్టెలో మాటలూ మారాయి. కోరాపుట్ ప్రాంతం 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిదే. పరాయిదనుకొన్న నేల ఒకనాడు తమ జిల్లాయేనని తెలుసుకొని మిత్రులు ఆశ్చర్యపడ్డారు. జయపురం, జగదల్‌పూర్ దాటేసరికి పెట్టెలో హిందీ, హల్బీ వినవచ్చాయి. అది 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. ఒక్క టికెట్టుతో మూడు రాష్ట్రాలు. వచ్చీరాని మాటలతో, చేతి సైగలతో ఇద్దరూ కబుర్లు నడిపారు. దంతెవాడ, బచేలి దాటి పొద్దుపోయిన తరువాత బండి కిరండూల్ చేరింది.

ఆ రాత్రి దోమలు నిద్రపోనివ్వలేదు. ఒకరు మేలుకొని ఉంటే మరొకరు పడుకోవాలని మళ్లీ వంతులు వేసుకొన్నారు. ఈసారి తగువు రాలేదు. తెల్లవారగానే కొండలు కనిపించాయి. బైలాడిలా అంటే ఎద్దు మూపురమని అర్థం. కొండల వరుస నిజంగానే మూపురంవలె ఉంది. స్టేషనులో పరిచయమైన ఒక స్థానికుడు వారి ఆసక్తిని చూసి మరొక సంగతి చెప్పాడు. ఈ ప్రాంతపు శంఖినీ నది నీరు గనుల మట్టితో ఎర్రబారిందని, ఒడ్డున ఉన్న ఊళ్లకు అది దశాబ్దాల బాధ అని అన్నాడు.

మిత్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఇద్దరి కళ్ల ముందూ ఇంటి పెరట్లో చొక్కాలు ఉతికిన ఎర్రని నీళ్లు కదిలాయి. ఆ నీళ్లను తల్లులు పారబోసి కుళాయి తిప్పి మంచినీళ్లు పట్టుకొంటారు. ఇక్కడ ఎర్రబారినది నది. నదిని పారబోసి మరొక నదిని తెచ్చుకోవడం ఎవరికి సాధ్యం? తమ తండ్రుల జీతం, తమ కళాశాల రుసుము, ఈ ప్రయాణపు టికెట్టు కూడా ఈ కొండ తరిగితే వచ్చినవేనన్న ఎరుక వారికి కలిగింది. ఖనిజం వద్దనడానికి వారికి నోరు రాలేదు. ఈ కొండలవారికి తమ నగరం ఏమి బాకీపడిందో తెలుసుకోకుండా ఉండటం మాత్రం తగదని తోచింది. ఉక్కునగరపు మిత్రుడు ఖర్చుల పుస్తకం తెరిచాడు. చివరి పుటలో అంకె లేకుండా ‘బాకీ’ అన్న ఒక్క మాట వ్రాసి మూసివేశాడు.

చౌక ప్రయాణపు విలువను లోకం ఏనాడో గుర్తించింది. 1915లో స్వదేశానికి తిరిగివచ్చిన గాంధీజీ మూడవ తరగతి పెట్టెలలో తిరిగి దేశాన్ని తెలుసుకొన్నారు. ఆ తరగతిలోని దుస్థితిని 1917లో ఒక వ్యాసంలో వివరించారు. మన రైళ్లలో మూడవ తరగతి 1974లో రద్దయింది. ఐరోపాలో 1972లో యువకుల కోసం ఇంటర్‌రైల్ పాసు వెలువడింది. ఒక్క పాసుతో అనేక దేశాలు తిరిగే వీలు కలిగింది. బైలాడిలా ఖనిజం చేరిన జపానులో కూడా 1982 నుంచి నెమ్మదిగా నడిచే బండ్లలో తిరగడానికి చౌక టికెట్టు ఉంది. విశాఖ-అరకు మార్గంలో 2017లో అద్దాల పెట్టె వచ్చింది. అందులో కూర్చున్నవారికి లోయలు మరింత బాగా కనిపిస్తాయి. సీతాఫలం పంచే వృద్ధురాలు మాత్రం సాధారణ పెట్టెలోనే కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో బండి మళ్లీ పక్కకు తప్పుకొంది. ఖనిజపు బండి సాగిపోయింది. ఈసారి ఇద్దరూ విసుక్కోలేదు. రేవు మిత్రుడు నీళ్ల సీసా తీసుకొని లేచాడు. లేచి, “దిగుతున్నానురా” అని చెప్పి దిగాడు.

కఠిన పదాలకు అర్థాలు

వ్యయప్రయాసలు = ఖర్చు, శ్రమ
కొలుములు = లోహాన్ని కరిగించే పొయ్యిలు
ఆవల = అవతలి వైపు
పైకం = డబ్బు
మతం = (ఇక్కడ) అభిప్రాయం
ఒక్కపెట్టున = అందరూ ఒకేసారి
కనుమ = కొండల మధ్య దారి, కొండల వరుస
కనుమరుగు = కంటికి కనిపించకుండా పోవడం
నిరాధారుడు = ఆధారం లేనివాడు
మూపురం = ఎద్దు మెడపై ఉబ్బెత్తు భాగం
ఎరుక = జ్ఞానం, తెలివిడి

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మిత్రుల ప్రయాణంలోని కష్టసుఖాలను వివరించండి.
2. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గానికి, విశాఖ నగరానికి గల సంబంధాన్ని తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. చిమిడిపల్లిలో జరిగిన సంఘటన ఉక్కునగరపు మిత్రునికి ఏమి నేర్పింది?
2. ప్రయాణికుల బండిని అతిథితో పోల్చడంలోని ఔచిత్యమేమి?
3. శంఖినీ నది సంగతి విన్న మిత్రులలో కలిగిన ఆలోచనలు ఏవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఒకటే ఉంది బాబూ, పంచుకోండి.”
2. “నీతో చెప్పకుండా ఇక దిగనులేరా.”

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. శిమిలిగుడ స్టేషను ఎంత ఎత్తున ఉంది?
2. బైలాడిలా అనగా అర్థమేమి?
3. కోరాపుట్ ప్రాంతం 1936కు పూర్వం ఏ జిల్లాలో ఉండేది?
4. మన రైళ్లలో మూడవ తరగతి ఎప్పుడు రద్దయింది?